సీటు మీంచి లేవని మొక్కు

అత్త పోయిందని నాన్న ఫోన్ చేసేసరికి నేను ఒక శిష్యుడికి పాఠం ముగించి, విమానం దిగి, అది గాలికి కదలకుండా రెక్కలకి తాళ్ళు కడుతున్నాను. నాన్న, "అమ్మా, మీ అత్త పోయిందమ్మా. పొద్దున్నే కాఫీ గ్లాసు పట్టుకుని అరుగు మీద కుర్చీలో కూర్చుంది. కూర్చున్నది కూర్చున్నట్టే వెళ్ళిపోయింది" అన్నాడు. నాకు ముందు నవ్వొచ్చింది. ఏడుపు ఆ వెనకే వచ్చిందనుకోండి, అది వేరే సంగతి. నవ్వెందుకొచ్చిందో మీకు తెలియాలంటే మా అత్తకి కూర్చోవడం ఎంత కష్టమో తెలియాలి. ఆవిడ నిలబడి తినేది, నిలబడి కూరలు తరిగేది, పెళ్ళిళ్ళలో కుర్చీ వేస్తే దాని వీపు పట్టుకుని నిలబడి మాట్లాడేది. అలాంటి మనిషి కూర్చుని పోవడమేమిటండీ!

మా నాన్నకి అక్క ఆవిడ. దివిసీమలో కోడూరు దాటి సముద్రం వైపు వెళ్ళే దారిలో మా ఊరు. ఒకే వీధిలో ఎదురెదురు ఇళ్ళు మావి. ఊళ్ళో చిన్నాపెద్దా అందరికీ ఆవిడ అత్తే. మనిషి భారీ, గొంతు అంతకన్నా భారీ. అత్త కోడూరులో తుమ్మితే నాగాయలంకలో చిరంజీవ అంటారని మా ఊళ్ళో సామెత లాంటిది ఒకటుండేది. ఆ మాట ఆవిడ మొహానే అనేవాళ్ళు, ఆవిడా నవ్వేది.

ఆవిడ ట్రాక్టరు నడిపేది. సరదాకి కాదు, చుట్టుపక్కల చేలన్నిటికీ అద్దెకి దున్నేది. మా మావయ్య మెత్తటి మనిషి. ఆయన పోసిన పెసరట్టు తిన్నవాడు ఇంకో చోట పెసరట్టు జోలికి వెళ్ళడు, కానీ ట్రాక్టరంటే ఆయనకి హడల్. చేలోకి క్యారేజీ తెచ్చినప్పుడు "మడ్‌గార్డు మీద కూర్చోండి, ఇంటిదాకా దింపుతా" అని అత్త అంటే, "ఎందుకులే, నడిస్తే అరుగుతుంది" అని గట్టు వెంబడి నడిచొచ్చేవాడు. డ్రైవర్ని పెట్టుకుంటే సరిగ్గా నాట్ల ముందు రొయ్యల చెరువుల పనికి చెక్కేసేవాడు. ఒక సార్వా పంటకి చేలో నీళ్ళు పెట్టుకుని, డ్రైవరు కోసం చూసి చూసి, అత్తకి ఒళ్ళు మండింది. చీర కుచ్చిళ్ళు దోపి, పైన మావయ్య ఫుల్‌చేతుల చొక్కా తొడుక్కుని, తలకి తువ్వాలు చుట్టి ఎక్కేసింది. మొదటిరోజే పక్క చేనుకీ మా చేనుకీ మధ్యనున్న గట్టులో కొంత దున్నేసింది. పక్క చేను రైతు లబోదిబోమంటూ వస్తే, "గట్టులో సగం నాదేగా తమ్ముడూ, నా సగమే దున్నా" అందట. ఆయన మిగిలిన సగం గట్టు చూసుకుని వెనక్కి వెళ్ళాడట.

ఆవిడ నడిపే తీరు చూడాల్సిందే. నాట్లకి ముందు నీళ్ళు నిలిపిన చేలో దమ్ము చేసేటప్పుడు వెనకాల రోటవేటర్ అని కత్తులు బిగించిన ఇరుసు ఒకటి గిర్రున తిరుగుతూ మట్టిని మెత్తటి బురద చేస్తుంది. ముందు స్టీరింగు పట్టుకుని, వెనక ఆ కత్తులు తిరుగుతుంటే, అత్త సీటు మీద నిలబడినంత పని చేసేది. నిలబడి వెనక్కి చూసేది, నిలబడి బాతుల్ని అదిలించేది, నిలబడి రోడ్డు మీద బస్సు ఆపి ఎవరి కోడలికి ఎన్నో నెలో కనుక్కునేది. చూసేవాళ్ళకి ఊపిరి ఆగేది, ఆవిడకి మాట ఆగేది కాదు.

పాత ట్రాక్టరు అమ్మేసి గుడివాడ షోరూము నుంచి కొత్తది తెచ్చిన రోజునుంచీ కథ మారింది. షోరూము వాళ్ళు సీటు కింద స్విచ్చు గురించి చెప్తుంటే ఈవిడ బానెట్టుకి పసుపు బొట్లు పెట్టించడంలో ఉంది. తీరా మొదటిరోజు చేలోకి దిగి, బాతుల మంద కనపడగానే లేచి నిలబడింది. ఇంజను టక్కున ఆగిపోయింది. కూర్చుని మళ్ళీ తిప్పింది. మళ్ళీ లేచింది, మళ్ళీ ఆగింది. గట్టు మీద జనానికి ఇంతకన్నా వినోదం ఏం కావాలి? "అత్తా, బండి నిన్ను కూర్చోమంటోందే! ఇన్నాళ్ళకి నీకు మొగుడు దొరికాడు!" అని ఒకటే ఇకిలింపులు.

సంగతేమిటంటే, రోటవేటర్ తిరుగుతుండగా సీటు మీద బరువు లేకపోతే మనిషి పడిపోయాడో, దిగిపోయాడో అనుకుని ఇంజను తనంతట తనే ఆగుతుంది. పడ్డ మనిషి కత్తుల్లోకి వెళ్ళకుండా పెట్టిన ఏర్పాటు అది. మరి మనవాళ్ళు ఊరుకుంటారా? ఇందులో కూడా ఊరికో విద్య. ఒకళ్ళు సీటు మీద ఇసక బస్తా కడతారు, ఒకళ్ళు కింద తీగలు రెండూ కలిపి మెలేస్తారు. మీలో ఈ పని చేసినవాళ్ళు ఉంటే, నా ముందు మాత్రం చెప్పకండి, నాకు కోపం ఆగదు. మా అత్త బందరు నుంచి మెకానిక్కుని పిలిపించి, అతనికి పెసరట్టు పెట్టించి మరీ తీగలు కలిపించేసింది. "నా సీటు మీద నేను లేవడానికి దాని పర్మిషనేంటి?" అని.

సరిగ్గా అప్పుడే నేను సెలవుకి ఇంటికొచ్చాను. అప్పటికి నేను విమానం నడపడం నేర్చుకుంటున్నాను. పక్కన గురువు ఉండి నడిపించడం అయిపోయింది, తిరిగి వెళ్ళాక నేనొక్కదాన్నే ఎగరాలి. అమ్మకి నా చదువు మొదటినుంచీ గుండెల్లో కుంపటి. నాన్న రెండు వైపులా తలాడించే రకం. నన్ను ఆ చదువులో చేర్చడానికి వాళ్ళిద్దరితో పోట్లాడి గెలిచింది అత్తే.

ఆ సాయంత్రం అత్త వాళ్ళ అరుగు మీద అందరం చేరాం. మావయ్య లోపల్నుంచి ఒక్కో అట్టూ తెచ్చి వడ్డిస్తున్నాడు. అత్త తన స్విచ్చు సంగతి చెప్పి చెప్పి, "నీ విమానానిక్కూడా ఇలాంటి శని ఉందా కోడలా?" అంది.

"మాది దీనికి పూర్తిగా తలకిందులు అత్తా" అన్నాను. నాకు తెలిసింది చెప్పాలన్న ఉత్సాహం కదా, అల్లం పచ్చడి వేళ్ళతోనే మొదలెట్టాను. చిన్న విమానం ఇంజనులో నిప్పురవ్వ పుట్టించే మాగ్నెటోలు అని రెండుంటాయి. ఒకటి చెడినా రెండోది నడిపిస్తుంది. బ్యాటరీతో వాటికి పనే లేదు, ఇంజను తిరిగినంతసేపూ వాటంతటవే రవ్వ పుట్టిస్తాయి. మేం తాళం చెవి ఆఫ్‌లోకి తిప్పితే ఒక సన్నటి తీగ ఆ రవ్వని తప్పుదారి పట్టించి ఆపుతుంది. "నీ ట్రాక్టరు సీటు కింద తీగ తెగిందనుకో, ఇంజను ఆగిపోతుంది. ఈ తీగ తెగినా మా విమానం ఆగదు. తాళం ఆఫ్‌లో ఉన్నా రవ్వ పుడుతూనే ఉంటుంది. అందుకే నేలమీద ఊరికే నిలబడి ఉన్నా సరే, ముందున్న పంకా మీద మేం చెయ్యి వెయ్యం. నిజంగా ఆపాలంటే ఎర్ర పిడి లాగి పెట్రోలు కట్టేస్తాం."

"నా ట్రాక్టర్లో ఇంజను ఆపే పిడి లాగా!" అంది అత్త, చుట్టం కనపడినంత సంబరంగా. "ఇంతకీ రెండెందుకే? ఒకళ్ళు అలిగితే ఇంకొకళ్ళు వండుతారనా?"

"అంతే!"

"మరి లేస్తే ఆపే స్విచ్చు?"

"సీటుకి స్విచ్చు లేదు, బెల్టు ఉంది. అసలు లేవనివ్వదు."

అత్త అట్టు ముక్కతో పళ్ళెంలో పచ్చడి తుడిచింది. "అర్థమైందే. చెడిపోతే ఏం చెయ్యాలన్నది ముందే అనుకుని చేశారన్నమాట. నాది చెడితే ఆగుతుంది, నీది చెడినా సాగుతుంది. నేలమీద ఆగితే బతుకుతాం, గాల్లో సాగితే బతుకుతాం. ఎక్కడున్నామో తెలిస్తే చాలు" అంది.

ఇప్పటికీ నా శిష్యులకి మొదటి పాఠంలో ఈ మాటే చెప్తాను. ఇంగ్లీషులో చెప్తే అంత బావుండదు, అయినా చెప్తాను.

కానీ ఆ సాయంత్రం ఈ మాట విన్నవాళ్ళలో అమ్మ కూడా ఉంది. ఆవిడ చెవిన పడింది ఒక్కటే ముక్క. ప్లేటు కింద పెట్టి లేచింది. "ఆఫ్ చేసినా ఆగని దాంట్లో నా కూతురు ఒక్కతీ ఎక్కుతుందా? వీల్లేదు. చదివింది చాలు. నువ్విక వెళ్ళద్దు" అంది. మా అమ్మ అరవదు. అరవని మనిషి వీల్లేదంటే అది నిజంగానే వీల్లేదు. నా పెట్టె సగం సర్ది ఉంది. నాన్న రెండు వైపులా తలాడించాడు.

"ఆగకపోవడమే దానికి రక్షే అమ్మాయ్" అని అత్త నచ్చజెప్పబోయింది.

"అవన్నీ నాకు తెలియవు వదినగారూ. దీనికేమీ కాదని మీరు భరోసా ఇస్తారా?"

అబద్ధం చెప్పి గెలవడం అత్తకి చేతకాదు. "భరోసా ఎవరిస్తారే? నేనివ్వలేను. మొక్కుకోమంటే మొక్కుకుంటా" అంది.

"తలనీలాలా?" అంది అమ్మ నీరసంగా.

"జుట్టుదేముంది, ఇస్తే మళ్ళీ పెరుగుతుంది. నాకు కష్టమైంది మొక్కాలి." ఊరి అమ్మవారి గుడి ఉన్న దిక్కుకి తిరిగి చేతులు జోడించింది. "తల్లీ, నా కోడలు గాల్లో ఎగిరినన్నాళ్ళూ, ఇంజను నడుస్తుండగా నేను సీటు మీంచి లేవను. అది పైన ఉన్నంతసేపూ నేను కింద కూర్చునే ఉంటా. దాన్ని నువ్వు చూసుకో."

మావయ్య గుమ్మంలో అట్లకాడతో నిలబడి పకపకా నవ్వాడు. నాన్న నవ్వాడు. నేనూ నవ్వాను. అమ్మ మాత్రం నవ్వలేదు. తోడికోడళ్ళ కన్నా దగ్గరగా ఇన్నేళ్ళు మసిలిన మనిషి, ఆ మొక్కు ఎంత బరువైందో ఆవిడ ఒక్కతికే తెలిసింది. కళ్ళొత్తుకుని, "సరే, వెళ్ళనివ్వండి" అంది.

మర్నాడే అత్త ఆ బందరు మెకానిక్కుని మళ్ళీ పిలిపించి, కలిపిన తీగలు విడదీయించి స్విచ్చుని యథాస్థానంలో పెట్టించింది. అతను తల గోక్కుంటే, "నేను మొక్కు మర్చిపోయినా ఇది మర్చిపోదురా అబ్బాయ్" అందట. ఆ రోజు కూడా అతనికి పెసరట్టు పెట్టారు.

నేను వెళ్ళి ఒంటరిగా ఎగిరి దిగాను. అదొక పెద్ద గాథ, ఇక్కడ వద్దు. ఇంజను మొదలుపెట్టే ముందు కిటికీ తెరిచి, పంకా దగ్గర ఎవరూ లేకుండా పక్కకి తప్పుకోమని మేం గట్టిగా అరవాలి. ఎవరూ లేరని కనపడుతున్నా అరవాలి. ఈ సంగతి ఫోన్లో చెప్పగానే అత్తకి ప్రాణం లేచొచ్చింది. అరవమని చెప్పే చదువు కూడా ఉందా! ఆ రోజునుంచీ ట్రాక్టరు తాళం తిప్పే ముందు "జరగండీ!" అని ఒక కేక పెట్టేది. నిర్మానుష్యమైన చేలో కూడా. కొంగలు లేచిపోయేవి.

మొక్కు మాత్రం అక్షరాలా చెల్లించింది. నిలబడలేక గొంతు ఇంకా పెంచింది. ఊళ్ళోవాళ్ళు కావాలని గట్టు మీంచి, "అత్తా, అదుగో నీ బాతులు, లేచి చూడవే!" అని కవ్వించేవాళ్ళు. "పోండ్రా. మా కోడలు పైనుంది" అనేది. నిజానికి అప్పుడు కోడలు హాస్టల్లో ముసుగుతన్ని పడుకుని ఉండేది. ఎప్పుడైనా ఫోన్లో "ఇవాళ వాన అత్తా, ఎగరడం లేదు" అంటే, "అమ్మయ్య, అయితే కాసేపు లేచి నిలబడతా" అని ఫోన్ పెట్టేసేది. పెట్టేసి నిజంగానే సీటు మీద నిలబడి చుట్టుపక్కల చేలవాళ్ళందర్నీ పలకరించేదట. కత్తులు తిరుగుతుంటే ఇంజను ఆగిపోయేది, ఈవిడ లెక్కచేసేది కాదు.

ఈ సీటు ఒట్టు నిజంగా పరీక్షకి నిలిచింది ఒక దమ్ము రోజున. చక్రాల బురదలోంచి ఒక నీళ్ళపాము ఎగిరి వచ్చి అత్త పాదాల దగ్గర పడింది. విషం లేని పామేలెండి, కానీ కాళ్ళ మధ్య మెలికలు తిరుగుతుంటే ఆ తేడా ఎవరికి గుర్తుంటుంది? గట్టు మీదున్నవాళ్ళందరూ "దూకెయ్ అత్తా, దూకెయ్!" అని కేకలు. అత్త దూకలేదు. కాళ్ళు రెండూ స్టీరింగు మీదికెత్తి, ముందు ఇంజను ఆపే పిడి లాగింది. వెనక కత్తుల చప్పుడు పూర్తిగా అణిగేదాకా కూర్చుంది. అప్పుడు దూకింది. దూకి బురదలో జారి, వెల్లకిలా పడి, మోకాళ్ళదాకా రోటవేటర్ కిందికి వెళ్ళి ఆగింది. కత్తులు కదలకుండా ఉన్నాయి. ఒంటి మీద గీత లేదు. పాము తన దారిన పోయింది.

స్విచ్చు ఉంది కదా, ఎలాగూ ఆగేది అంటారేమో. ఇంజను ఆగినా ఆ కత్తులు ఆ ఊపులో కొంచెం తిరిగే ఆగుతాయి. ముందు ఆపి, తర్వాత లేవడమే అసలు పద్ధతి. స్విచ్చు మనం మర్చిపోయినప్పటి కోసం. విమానంలోనూ అంతే, ముందు ఎర్ర పిడి లాగి ఇంజను ఆపుతాం, ఆ తర్వాతే తాళం చెవి తిప్పుతాం.

ఆ సాయంత్రం అత్తకి వేణ్ణీళ్ళు పోస్తూ అమ్మ, "నా కూతురి కోసం మొక్కుకుంటే మిమ్మల్ని కాచింది చూశారా" అని ఏడ్చిందట. అత్త, "ఊరుకో. అమ్మవారికి ఇద్దరూ ఒకటే. ముందు ఆ వీపు రుద్దు, బురదంతా అక్కడే ఉంది" అందట. ఇది నాకు అమ్మే చెప్పింది, నవ్వుతూ చెప్పింది. ఆ తర్వాత ఆవిడ నా చదువుకి అడ్డం చెప్పలేదు.

నా విమానం ఎక్కమని ఎన్నిసార్లు పిలిచానో. "రెండు సీట్ల బండి, రెండూ నాకే చాలవు, నువ్వెక్కడ కూర్చుంటావే?" అనేది. ఒకసారి వచ్చి, బయటినుంచే చూసి, బందరు లడ్డు ఒకటి రెక్క మీద పెట్టి దణ్ణం పెట్టుకుని వెళ్ళింది. పంకాకి ఆమడ దూరంలో నిలబడింది. నేను చెప్పిన పాఠం అంత బాగా గుర్తుపెట్టుకున్న శిష్యులు నాకు ఇంకా దొరకలేదు.

పెద్దకర్మ అయ్యాక నేను తిరిగి బయల్దేరాలి. షెడ్డులో ట్రాక్టరు అలాగే ఉంది, సీటు మీద అత్త తువ్వాలు. నేను మూఢనమ్మకాల మనిషిని కాను. గాలి, బరువు, పెట్రోలు, ఇవే నాకు తెలిసిన దేవతలు. కానీ ఇన్నేళ్ళలో, కింద ఒక మనిషి నా కోసం కూర్చుని లేదని తెలిసి ఎగరడం ఇదే మొదలు. భయం వేసింది. అమ్మ మొహంలో ఆ పాత భయం మళ్ళీ కనపడింది. మావయ్య గిన్నెలు తోముతూ, "మొదటి ఎగురుడు ఎప్పుడమ్మా?" అని మాత్రం అడిగాడు. చెప్పాను.

ఆ పొద్దున విమానం చుట్టూ తిరిగి అన్నీ చూసుకుని సీట్లో కూర్చోబోతుంటే వీడియో కాల్ వచ్చింది. అమ్మ ఫోన్ పట్టుకుని ఉంది. తెరమీద ట్రాక్టరు. దాని సీటు మీద, మడ్‌గార్డు మీదైనా ఏనాడూ ఎక్కని మా మావయ్య. తలకి అత్త తువ్వాలు. రెండు చేతులతో స్టీరింగుని పట్టుకున్న తీరు చూస్తే అది పారిపోతుందనుకున్నాడేమో.

"అమ్మా, క్లచ్చి తొక్కితేగానీ స్టార్టు కాదటగా?"

"అవును మావయ్యా, పూర్తిగా తొక్కాలి. గేరు న్యూట్రల్లో ఉందా?"

"ఉంది. మీ నాన్న చూశాడు." సిగ్గుపడుతూ, చాలా చిన్న గొంతుతో "జరగండీ" అన్నాడు. షెడ్డులో ఉన్నది రెండు కోళ్ళు. అవి కూడా కదల్లేదు. ఇంజను మొదలవగానే మావయ్య భుజాలు చెవులదాకా లేచాయి. ఆ చప్పుడు మీంచి అరిచాడు, ఆయన అరవడం నేను వినడం అదే మొదలు. "ఇక నువ్వెళ్ళు తల్లీ! నువ్వు దిగి ఫోన్ చేసేదాకా నేను లేవను!"

నేను బెల్టు బిగించుకున్నాను. కిటికీ తెరిచి, అత్తకి వినపడేంత గట్టిగా కేక పెట్టాను. ఆ రోజు గాలి బాగుంది, ఆకాశం తేటగా ఉంది, రెండు మాగ్నెటోలూ సరిగ్గా పనిచేశాయి. దిగి, ఎర్ర పిడి లాగి, పంకా ఆగాక వీడియో కాల్ చేశాను. అమ్మే ఎత్తింది. వెనక ట్రాక్టరు చప్పుడు ఇంకా అలాగే వినపడుతోంది. అమ్మ చెయ్యి పైకెత్తి సీటు మీదికి కాఫీ గ్లాసు అందిస్తోంది. మావయ్య ఒక చేత్తో స్టీరింగు వదలకుండా రెండో చేత్తో గ్లాసు అందుకుని, తెర వైపు వంగి చూశాడు.

"దిగావా అమ్మా?"

"దిగాను మావయ్యా."

"అయితే నేనూ దిగనా?"